ప్రపంచీకరణ సిద్ధాంతాల్లో ఏది నమ్మదగింది?

ప్రపంచీకరణను వివరించే ప్రధాన సిద్ధాంతాలు ఏవి, వాటిలో ఏది సరైనది అని అడిగారు. నేను సోషియాలజీలో ఎం.ఏ. చేశాను. మా ఇంట్లో వాళ్లు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యలు సాగు చేస్తారు. రెండూ కలిపి చూస్తే నా ఓటు ప్రపంచ వ్యవస్థ సిద్ధాంతం చెప్పిన అమెరికన్ సామాజికవేత్త వాలర్‌స్టీన్‌కే. అయితే ఆయన ఒక్కరితోనే పని గడవదు.

ఇమ్మాన్యుయేల్ వాలర్‌స్టీన్ 1974 నుంచి చెబుతూ వచ్చింది ఇదీ: పదహారో శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన పెట్టుబడిదారీ వ్యవస్థ ఒకటే ప్రపంచమంతా అల్లుకుంది. లాభం మిగిలే పనులు కేంద్ర దేశాలవి, చాకిరీ, ముడిసరుకు అంచు దేశాలవి, కొన్ని దేశాలు నడుమ ఉంటాయి.

ఇది మా ఊళ్లోనే కనిపిస్తుంది. మా చెరువుల్లోని వెనామీ లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు రొయ్య. మన దగ్గర దాని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలను హేచరీలు, అంటే పిల్ల రొయ్యలను పుట్టించే కేంద్రాలు, విదేశీ కంపెనీల దగ్గర కొంటాయి. సీడు (పిల్ల రొయ్యలు), మేత, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు, తెల్లమచ్చల వైరస్ భయం రైతువి. ధర మాత్రం కౌంట్ మీద, అంటే కిలోకు ఎన్ని తూగాయన్న లెక్క మీద, బయటి కొనుగోలుదారులు చెబుతారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఇక్కడ చెరువు గట్టు మీద రైతుకు ఇచ్చే ధర దిగింది. రేటు వచ్చేదాకా ఆగుదామంటే రొయ్య ఆగదు, మేత తింటూనే ఉంటుంది.

 

అమెరికన్ సామాజికవేత్త జాన్ మేయర్ బృందం చెప్పిన ప్రపంచ సమాజ సిద్ధాంతం మరో వైపు నుంచి వస్తుంది. మంత్రిత్వ శాఖలు, పాఠ్యప్రణాళికలు, పర్యావరణ చట్టాలు దేశదేశానా ఒకే అచ్చులో కనిపించడానికి లాభం ఒక్కటే కారణం కాదనీ, సక్రమమైన సంస్థ ఎలా ఉండాలన్న నమూనా ప్రపంచమంతా చలామణి అవుతోందనీ వారి వాదన. కాగితానికీ ఆచరణకూ ఎడం ఉంటుందని కూడా వాళ్లే చెప్పారు. అది నాకు చెరువు రికార్డు పుస్తకంలో కనిపించింది. ఉప్పదనం, పీహెచ్, మేత ఏ రోజుకారోజు రాయాలి. తనిఖీ ఉందనగానే పంట కాలం మొత్తం ఒకే రాత్రి, ఒకే పెన్నుతో నిండిపోయిన పుస్తకాలు చూశాను. యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష మాత్రం అలా గడిచేది కాదు. అక్కడ తేడా వస్తే సరుకు వెనక్కి వస్తుంది.

సామాజికవేత్త రోలండ్ రాబర్ట్‌సన్, మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పదురై సంస్కృతి గురించి చెబుతారు. ఎక్కడి నుంచో వచ్చినదాన్ని స్థానికులు తమకు తగ్గట్టు మలుచుకుంటారని రాబర్ట్‌సన్, మనుషులు, డబ్బు, మాధ్యమాలు, సాంకేతికత, భావాలు దేని దారిన అది ప్రవహిస్తాయని అప్పదురై అంటారు. చదవడానికి హాయిగా ఉంటాయి, ధర ఎందుకు పడిందో చెప్పవు.

పరీక్ష కోసమైతే సిద్ధాంతాలను వరుసగా అప్పజెప్పకండి, ఒకే సరుకు మీద అన్నింటినీ నిలబెట్టి చూడండి. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే గెలాక్సీ గ్రానైట్ (నల్లరాయి) మంచి ఉదాహరణ. దిమ్మెలుగా చైనాకు వెళ్లి అక్కడ పలకలవుతుంది. చైనాను కేంద్రంలో పెట్టాలా, నడుమ పెట్టాలా అన్న దగ్గర మీ జవాబుకు అసలు పని పడుతుంది.