నల్ల ఇసుక నుంచి తెల్ల పిగ్మెంట్ ఎలా వస్తుంది?

చెన్నైలో పెయింట్ షాపు నడిపే ఒకాయన అడిగారు: డబ్బాలోని తెల్లదనం నల్ల ఇసుక నుంచి వస్తుందంటారు, నిజమేనా అని.

నిజమేనండీ. ఆ తెల్లదనం టైటానియం డయాక్సైడ్ అనే పిగ్మెంట్‌ది, అంటే రంగునిచ్చే పొడిది. తమిళనాడులో మణవాళకురిచ్చి తీరంలోనూ, మన భీమిలి వైపూ ఆ ఇసుకలో ఇల్మనైట్ ఉంటుంది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం అది. అసలు పనంతా ఇనుమును వదిలించడమే. దానికి రెండు పద్ధతులున్నాయి.

సల్ఫేట్ పద్ధతిలో మెత్తగా నూరిన ఖనిజాన్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. తర్వాత అందులో తుక్కు ఇనుము వేస్తారు! నాకు బాగా నచ్చే కిటుకు ఇదే. ద్రావణంలో ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది: ఫెర్రిక్ (మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయినది), ఫెర్రస్ (రెండు కోల్పోయినది). ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చకపోతే, అది టైటానియంతో పాటే అడుగుకు దిగి రంగు చెడగొడుతుంది. ఫెర్రిక్ అంతా అయిపోయాక కొద్దిగా టైటానియం కూడా క్షయకరణం చెంది (అంటే ఎలక్ట్రాన్‌ను అందుకుని) ద్రావణం ఊదారంగుకు తిరుగుతుంది. అదే గుర్తు. చల్లబరిస్తే ఫెర్రస్ సల్ఫేట్ లేత ఆకుపచ్చ స్ఫటికాలుగా విడిపోతుంది. మిగిలినదాన్ని మరిగిస్తే జలవిశ్లేషణ (నీటితో చర్య) జరిగి తెల్లటి అవక్షేపం, అంటే అడుగుకు దిగే పొడి, వస్తుంది. దాన్ని కడిగి, సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే టైటానియం డయాక్సైడ్ సిద్ధం.

క్లోరైడ్ పద్ధతిలో టైటానియం ఎక్కువున్న ముడిసరుకును కోక్‌తో (బొగ్గు నుంచి తయారయ్యే కార్బన్‌తో) కలిపి, సుమారు 1000 డిగ్రీల దగ్గర క్లోరిన్ పంపుతారు. వచ్చే టైటానియం టెట్రాక్లోరైడ్ (టైటానియం, క్లోరిన్ కలిసిన ద్రవం) 136 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి స్వేదనంతో, అంటే మరిగించి ఆవిరిని మళ్లీ చల్లబరిచి, శుద్ధి చేయొచ్చు. దాన్ని ఆక్సిజన్‌తో చర్య జరిపిస్తే డయాక్సైడ్ వస్తుంది, విడుదలైన క్లోరిన్‌ను మళ్లీ వాడుకుంటారు. కేరళలోని చవరలో నడిచేది ఈ పద్ధతే.