పడవకి హెలాక్ తీస్తే ఎమర్జెన్సీ ఫండ్ ఎక్కడుంది?

మేరీల్యాండ్ నుంచి ఒక పాఠకుడు రాశారు. హెచ్1బి మీద ఐటీ ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు, సొంత ఇల్లు. అనాపొలిస్ దగ్గర 1964 నాటి పియర్సన్ ట్రైటన్ సెయిల్‌బోట్ 4,000 డాలర్లకి వస్తోందట, దాని క్యాబిన్ కోసేసి, కాక్‌పిట్, అంటే కూర్చునే చోటు, పొడుగు చేసి, వార్నిష్ చెక్కతో పాతకాలం డే సెయిలర్‌లా, అంటే పగటిపూట తిరిగొచ్చే పడవలా మార్చుకుంటారట. ఇంటి మీద 60,000 హెలాక్ ఉంది (ఇల్లు తాకట్టు మీద, కావలసినప్పుడు ఆ మేరకు తీసుకోగల అప్పు లైన్), 35,000 దీనికి వాడి మిగతా 25,000 ఎమర్జెన్సీ ఫండ్ అనుకోవచ్చా అని అడుగుతున్నారు. బ్యాంకులో ఉన్నది 9,000, నెల ఖర్చు 6,500.

అనుకోకూడదండి. ఈ లెక్క నాకు చాలామంది దగ్గర కనిపిస్తుంది, అందుకే జవాబు రాస్తున్నా. హెలాక్ అంటే అప్పు, అది మీ డబ్బు కాదు. ఇళ్ల రేట్లు పడినా, మీ ఆదాయం తగ్గినా బ్యాంకు ఆ లైన్ ఆపేయొచ్చు, అంటే సరిగ్గా మీకు అవసరమైన రోజునే అది ఉండకపోవచ్చు. ఉద్యోగం పోతే హెచ్1బి వాళ్లకి ఇంకోటి వెతుక్కోడానికి మామూలుగా దొరికేది మహా అయితే 60 రోజులు, మీ 9,000 నెలన్నర కూడా రాదు, పైగా వడ్డీ మారుతుండే అప్పు, తాకట్టు పిల్లలు పడుకునే ఇల్లు. పడవ కోసం ఇల్లు పణంగా పెట్టడం నేను ఒప్పుకోను, ఎంత మంచి పడవైనా సరే.

అది మంచి పడవే, కాదనను. కార్ల్ ఆల్‌బర్గ్ డిజైన్, 28 అడుగులు, హల్ (పడవ అడుగు భాగం) గట్టిది. కానీ డెక్ (పైభాగం) లోపల బాల్సా అనే తేలిక చెక్క ఉంటుంది, నీళ్లు దిగితే కుళ్లిపోతుంది, అది పైకి కనపడదు. మాస్ట్, అంటే తెరచాప స్తంభం, డెక్ మీదే నిలబడుతుంది, ఆ బరువంతా కింద బీమ్, బల్క్‌హెడ్ (లోపలి అడ్డగోడ) మొయ్యాలి, మీరు కోద్దామనుకుంటున్నది ఆ పక్కనే. కోత మొదలయ్యాక బడ్జెట్ మీ చేతిలో ఉండదు, సగంలో ఆగిన పడవని ఎవరూ కొనరు, పడవ ఉంచిన యార్డ్ అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాలి. పూర్తయ్యాక అమ్మితే పెట్టింది వస్తుందన్న ఆశ కూడా వదిలేయండి. పడవకి వాడిన హెలాక్ వడ్డీకి టాక్స్ మినహాయింపు కూడా రాదు.

ఆరు నెలల ఖర్చు 39,000. ఇంకా 30,000 కావాలి. నెలకి 1,500 మిగులుతోందన్నారు కదా, అంటే 20 నెలలు, వేరే సేవింగ్స్ అకౌంట్‌లో వేసి ముట్టుకోకండి. టర్మ్ ఇన్సూరెన్స్ ఆఫీసుదొక్కటే ఉందన్నారు, ఉద్యోగంతో పాటు మామూలుగా అదీ పోతుంది, ఈ నెలలోనే సొంతంగా ఒకటి తీసుకోండి.

ఈలోపు సెయిలింగ్ క్లబ్‌లో చేరండి. 20 నెలల తర్వాతా కోరిక అలాగే ఉంటే, అదే డిజైనర్ గీసిన పియర్సన్ ఎన్‌సైన్ చూడండి, 22 అడుగుల డే సెయిలర్, పెద్ద కాక్‌పిట్‌తోనే వస్తుంది కాబట్టి కోసే పనే లేదు. పడవలు పరీక్షించే సర్వేయర్‌తో చూపించాకే, చేతిలో ఉన్న డబ్బుతోనే కొనండి.