దిండిలో రిసార్టు కట్టే ముందు

ఒరేయ్ అల్లుడూ,

డెన్వర్ నుంచి హైదరాబాదులో దిగీ దిగగానే దిండిలో పన్నెండు కాటేజీలు కడతానన్నావట, మా అక్క ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. నేను మాత్రం వద్దనను. పద్దెనిమిదేళ్లు రాజోలులో లాడ్జి నడిపినవాణ్ణి, ఈ వ్యాపారంలో సరదా ఏంటో నాకూ తెలుసు. కానీ నువ్వు పంపిన లెక్క చూశాను, అందులో పన్నెండు నెలలూ సంక్రాంతే ఉంది.

మన సీజన్ కార్తీకం వనభోజనాలతో మొదలై అంతర్వేది కల్యాణంతో దాదాపు అయిపోతుంది. తర్వాత ఎండలు, ఆ తర్వాత వరద. 2022 జూలైలో గోదారి లంకల మీదకి ఎలా వచ్చిందో నువ్వు టీవీలో చూశావు, మేం గట్టు మీద నిలబడి చూశాం. గదులు ఖాళీగా ఉన్నాయని వాచ్‌మన్ జీతం ఆగదు, బ్యాంకు కిస్తీ అసలే ఆగదు.

నువ్వు అక్కడ మంచుకొండల మీద స్కీయింగ్‌కి పోయేవాడివి కదా, ఆ కొండలవాళ్ల బతుకూ ఇంతే. మంచు పడితే నాలుగైదు నెలల బేరం. మిషన్లతో మంచు తయారు చేద్దామన్నా దానికీ చలి ఉండాలి, నీళ్లుండాలి, కరెంటు బిల్లు కట్టుకోవాలి. అందుకే వెయిల్ అనే పెద్ద స్కీ రిసార్టుల కంపెనీవాళ్లు 2008లో సీజన్ మొత్తానికి ఎపిక్ పాస్ అని 579 డాలర్లకి పెట్టి, మంచు పడకముందే డబ్బు చేతికొచ్చేలా చేసుకున్నారు. దానికి పోటీగా 2018లో ఆల్టెరా అనే ఇంకో కంపెనీవాళ్లు ఐకాన్ పాస్ తెచ్చారు. పాస్ లేకుండా వెళ్తే పెద్ద కొండల్లో రద్దీ రోజున ఒక్కరోజు టికెట్టే 300 డాలర్లు దాటుతోంది, ఇక కొనక ఏం చేస్తారు? ఈ రెండు ఏనుగుల మధ్య చిన్న కొండలవాళ్లు నలిగిపోతున్నారు.

నువ్వూ ముందే డబ్బు రాబట్టుకో. రేటు తగ్గించి మాత్రం పక్కవాడితో పోటీ పడకు. ఒక ఏడాది మా వీధిలో మూడు లాడ్జీలవాళ్లం పందెం వేసుకున్నట్టు తగ్గించుకుంటూ పోయాం, చివరికి నాకు దుప్పట్లు ఉతికించిన డబ్బులు కూడా రాలేదు. సంక్రాంతికి ఎలాగూ వచ్చే మనవాళ్ల దగ్గర వేసవిలోనే అడ్వాన్సు తీసుకుని, అదే డబ్బుకి పులసల రోజుల్లో రెండు రాత్రులు ఉచితంగా ఇవ్వు (పులస ఖర్చు వాళ్లదే, అది కూడా నువ్వు పెట్టుకుంటే తోట అమ్ముకోవాలి). వరదొస్తే తేదీ మార్చుకోవచ్చని ముందే రాసివ్వు.

అప్పు సంగతి. కెనడాలో విస్లర్ స్కీ కొండని అప్పట్లో నడిపిన ఇంట్రావెస్ట్ కంపెనీని 2006లో ఒక ఫండు వాళ్లు బోలెడంత అప్పు చేసి కొన్నారు. 2010లో అక్కడ ఒలింపిక్స్ స్కీ పోటీలు జరిగే రోజుల్లోనే అప్పిచ్చినవాళ్లు వేలం తేదీ వేశారు. ఎలాగో సర్దుబాటై వేలం ఆగిందిలే. కానీ ఆలోచించు, ఊరంతా తీర్థం, ఇంటి గుమ్మానికి నోటీసు! పన్నెండు వద్దు, నాలుగు కాటేజీలతో మొదలెట్టు. మిగతా చోట కొబ్బరి చెట్లకి దింపు వస్తూనే ఉంటుంది కదా.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది లీజు. అమెరికాలోనే యూటాలో పార్క్ సిటీ స్కీ కొండ సంగతి నీకు తెలిసే ఉంటుంది. లిఫ్టులెక్కే కింది చోటు కంపెనీ సొంతం, పై కొండలో ఎక్కువ భాగం లీజు. 2011లో రెన్యువల్ కాగితం గడువులోపల వెళ్లలేదు. స్థలం వాళ్లు లీజు అయిపోయిందన్నారు, కోర్టుల చుట్టూ తిరిగారు, చివరికి 2014లో కంపెనీవాళ్లు తమ చేతిలో ఉన్న కింది చోటు కూడా వెయిల్‌కి 18 కోట్ల 25 లక్షల డాలర్లకి అమ్ముకుని బయటపడ్డారు. నీదీ అదే వరస: రోడ్డు పక్క పది సెంట్లు తాతగారివి, ఏటి ఒడ్డు తోటంతా లీజు. నా లాడ్జీ అలాగే పోయిందిరా. ఏసీలు నావి, గోడలు ఆయనవి. మాట మీద నమ్మకంతో రెండేళ్లు కాగితం తిరగరాయించలేదు, పెద్దాయన పోయాక కొడుకు వచ్చి నెల రోజులు టైమిచ్చాడు. ఏసీలు విప్పి సగం ధరకి అమ్ముకున్నాను, గోడలకి వేయించిన టైల్స్ విప్పుకోలేం కదా.

కనీసం పదిహేనేళ్లకి రిజిస్టర్ చేయించు, రెన్యువల్ ఎప్పుడు, ఎవరు అడగాలి అన్నది అందులోనే ఉండాలి. ఆ తేదీ నీ ఫోన్లో పెట్టుకో, మీ ఆవిడ ఫోన్లోనూ పెట్టు.

ఆదివారం వస్తున్నావుగా, మీ అత్త పనసపొట్టు కూర చేస్తానంది. లీజు కాగితం జెరాక్సు తీసుకురా, సంతకం పెట్టకముందుది.

మీ మావయ్య