ఇంట్లో బాతు గుడ్లను పొదిగించే ముందు ఏం ఆలోచించాలి?

ఇంక్యుబేటర్ కొనడానికి ముందే, పుట్టబోయే పిల్లలను ఎక్కడ, ఎన్నేళ్లు పెంచగలరో తేల్చుకోవాలి. సాధారణ బాతు గుడ్ల నుంచి సుమారు 28 రోజులకు, మస్కోవీ అనే మరో రకం బాతు గుడ్ల నుంచి దాదాపు 35 రోజులకు పిల్లలు వస్తాయి. అయితే బాతులు పదేళ్ల వరకూ బతకవచ్చు. పిల్లల్లో దాదాపు సగం మగవే కావడం, పెట్టలు తక్కువైతే మగవి వాటిని వెంటాడి గాయపరచడం చాలామంది ముందుగా ఊహించని కష్టం కనుక, అదనపు మగ బాతులను ఎవరు తీసుకుంటారో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి. ఒంటరి పిల్ల బెంగపడుతుంది కాబట్టి ఒక్క గుడ్డునే పొదిగించడం తగదు. పుట్టిన పిల్లలకు మొదటి వారం సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం అవసరం. కోడి కింద పొదిగించినా సరే, ఈకలు రాని పిల్లలను చెరువులోకి వదిలితే తడిసి, చలికి చనిపోయే ప్రమాదం ఉంది.