సైకిల్ సందేహాలు: చైన్ కడగడం, నూనె వేయడం

ప్రశ్న: నేను తిరుపతిలో చదువుకుంటున్నాను. గేర్ల సైకిల్ మీద రోజూ కరకంబాడి రోడ్డు మీదుగా కళాశాలకు వెళ్ళివస్తాను. చైన్‌కు నల్లటి మడ్డి పట్టిందని దుకాణంలో ఇస్తే, పెట్రోలుతో కడిగి, పైన నూనె పూసి ఇచ్చారు. చూడటానికి కొత్తదానిలా మెరిసింది కానీ, వారం తిరగకముందే కిర్రుమని చప్పుడు మొదలైంది. చైన్ పాడైపోయిందా? ఇంట్లోనే శుభ్రం చేసుకొనే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయండి. (ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: చప్పుడు వచ్చినంత మాత్రాన చైన్ పాడైపోయిందని అనుకోనక్కరలేదు. మీ చైన్‌లో నూనె ఉండవలసిన చోట లేకుండా పోయి, ఉండకూడని చోట మిగిలింది. ఈ సంగతి అర్థం కావాలంటే ముందుగా చైన్ నిర్మాణం తెలియాలి. బయటి రేకులు రెండు, లోపలి రేకులు రెండు, వాటిని కలిపే పిన్ను, ఆ పిన్ను చుట్టూ తిరిగే చిన్న రోలరు: ఇవే మళ్ళీ మళ్ళీ వరుసగా వస్తాయి. 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలర్ చైన్ నుంచి నేటి సైకిల్ చైన్ దాకా మూలసూత్రం మారలేదు. చైన్ పళ్ళచక్రం మీదికి ఎక్కి వంగినప్పుడూ, దిగి తిన్నబడినప్పుడూ, పిన్ను తన చుట్టూ ఉన్న లోహానికి ఒరుసుకుంటూ కొద్దిగా తిరుగుతుంది. అరుగుదల అంతా అక్కడే, కంటికి కనిపించని ఆ సందులోనే జరుగుతుంది కనుక నూనె అవసరం కూడా అక్కడే ఉంది. బయటి రేకుల మీది నూనె, తుప్పును కొంత ఆపడం తప్పిస్తే, చేసే మేలు తక్కువ. దారిలోని దుమ్మునంతా పట్టి ఉంచి, దానిని క్రమంగా లోపలికి చేరవేయడమే అది ఎక్కువగా చేసే పని.

పెట్రోలు లోపలి సందుల్లోకి సులువుగా దిగి, అక్కడున్న మంచి నూనెను కూడా కరిగించి తీసుకువచ్చేస్తుంది. అది పూర్తిగా ఆరకముందే పైన నూనె పూస్తే ఆ నూనె పలుచబడి కారిపోతుంది, లేదా రేకుల మీదనే నిలిచిపోతుంది. ఫలితంగా పైకి మెరుపు కనిపిస్తుంది, లోపల మాత్రం లోహం లోహానికి తగులుతుంది. మీరు వింటున్న చప్పుడు అదే.

పెట్రోలు వద్దనడానికి ఇంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. సున్నాకు నలభై డిగ్రీలు తక్కువైన చలిలో కూడా పెట్రోలు ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగలదు. కిరసనాయిలు దానికంటే చాలా నయం. అది అంటుకోగల ఆవిరిని ఇవ్వడం సుమారు 35 నుంచి 40 డిగ్రీల వేడి దగ్గర మొదలవుతుంది. అయితే మే నెలలో తిరుపతి ఎండ నలభై దాటడం మనకు కొత్త కాదు. కాబట్టి కిరసనాయిలుతో కడిగే పని కూడా వేసవిలో మధ్యాహ్నం పెట్టుకోకుండా, తెల్లవారిన వెంటనే, ఆరుబయట, పొయ్యికీ బీడీ సిగరెట్లకూ దూరంగా చేసుకోవాలని గట్టిగా కోరుతున్నాను. కిరసనాయిలు దొరకకపోతే రంగుల దుకాణంలో అమ్మే టర్పెంటాయిల్ కూడా పనికివస్తుంది. దాని విషయంలోనూ ఇవే జాగ్రత్తలు పాటించాలి. సైకిల్ దుకాణాలలో నీటితో కడిగివేయగల డీగ్రీజర్ (జిడ్డును కరిగించే ద్రవం) దొరికితే అది అన్నిటికంటే మేలు.

ఇక పద్ధతి. గేర్ల సైకిల్ చైన్‌లలో చాలావాటికి చేతితోగాని, చిన్న పటకారుతోగాని విప్పగల జోడింపు ముక్క ఒకటి ఉంటుంది. మీ చైన్‌కు అది ఉంటే చైన్ విప్పి, వెడల్పాటి మూతి ఉన్న డబ్బాలో వేసి, మునిగేంత కిరసనాయిలు పోసి, మూత బిగించి రెండు మూడు నిమిషాలు బాగా కుదపండి. నల్లబడిన నూనెను మరో పాత్రలోకి వంచి, కొత్తగా కొంచెం పోసి మళ్ళీ కుదపండి. వంచిన నూనె దాదాపు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. మొదటిసారికే చైన్ బయట తళతళలాడుతుంది, అంతటితో ఆపాలనిపిస్తుంది, అయినా ఆపవద్దు. సందుల్లోని ఇసుక రెండో మూడో విడతలోగాని బయటికి రాదు. చెవి దగ్గర పెట్టుకొని చైన్‌ను పక్కకు వంచినప్పుడు కరకరమని వినిపిస్తే లోపల ఇసుక ఇంకా ఉన్నట్టే. ఆ తరువాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్ళలో కడిగి, మంచినీళ్ళతో జాడించి, పొడిగుడ్డతో తుడిచి ఎండలో వేలాడదీయండి. తడి లోపల ఉండిపోతే ఒక్క రాత్రిలోనే తుప్పు పడుతుంది కాబట్టి ఆరడం విషయంలో తొందరపడకూడదు. మన ప్రాంతపు ఎండలో మిద్దె మీద ఆరవేస్తే ఎక్కువసేపు పట్టదు.

జోడింపు ముక్క లేని చైన్‌ను విప్పించనక్కరలేదు. సైకిల్‌ను నిలిపి, పెడల్‌ను వెనక్కు తిప్పుతూ, కిరసనాయిలులో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో చైన్‌ను నాలుగు వైపులా రుద్ది, గుడ్డతో పట్టుకొని తుడిస్తే సరిపోతుంది. మరొక చేతి వేళ్ళు పళ్ళచక్రానికి దూరంగా ఉండాలి. పక్కన పిల్లలుంటే వారిని దూరంగా కూర్చోబెట్టండి. చైన్‌కూ పళ్ళకూ మధ్య పడిన వేలు చాలా ఘోరంగా నలుగుతుంది.

చైన్ ఒక్కటే కడిగి మురికి పళ్ళచక్రాల మీద వేస్తే పడిన శ్రమ వృథా. వెనుక చక్రాన్ని విడదీసి, పళ్ళున్న వైపు కొద్దిగా కిందికి వాలేలా పట్టుకొని బ్రష్‌తో రుద్దండి. అలా వాల్చకపోతే మురికి నూనె చక్రం నడిమి భాగమైన హబ్‌లోకి జారి, అక్కడి బేరింగుల గ్రీజును కరిగించివేస్తుంది. పళ్ళచక్రాల మధ్య సందుల్లోకి పాత బనియన్ పీలికను దూర్చి, కవ్వం తాడు లాగినట్లు ఇటూ అటూ లాగితే, బ్రష్ చేరని మడ్డి కూడా వచ్చేస్తుంది. గేరు మార్చే డీరెయిలర్‌లో రెండు చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. వాటి అంచున గట్టకట్టిన మడ్డిని వెదురుపుల్లతో గీకితే చాలు. మీ సైకిల్‌కు డిస్క్ బ్రేకులు ఉంటే, పని మొదలుపెట్టే ముందే డిస్క్‌ను ప్లాస్టిక్ సంచితో కప్పండి. దాని మీద నూనె చుక్క పడినా బ్రేకు పట్టు తగ్గుతుంది. హార్స్‌లీ హిల్స్ వంటి కొండ దిగేటప్పుడు అది ప్రాణాపాయం.

నూనె వేయడంలోనే చాలామంది తొందరపడతారు. చైన్ పూర్తిగా ఆరిన తరువాత, లోపలి వైపు నుంచి, ఒక్కొక్క రోలరు మీద ఒక్కొక్క చుక్క చొప్పున వేయండి. గేర్ల సైకిల్ చైన్‌లో సాధారణంగా నూటపదికి అటూ ఇటూగా రోలర్లు ఉంటాయి. అన్నిటికీ కలిపి పట్టే నూనె ఒక టీస్పూను మాత్రమే. వేశాక పెడల్‌ను కాసేపు వెనక్కు తిప్పి, రాత్రంతా అలాగే వదిలి, ఉదయం పొడిగుడ్డతో చైన్ బయటి భాగాన్ని మళ్ళీ మళ్ళీ తుడవండి. వేసిన నూనెను తుడిచేయడమేమిటని సందేహించవద్దు. లోపలికి దిగవలసినది అప్పటికే దిగింది. మీరు తుడుస్తున్నది దుమ్మును పట్టే నూనెనే. ఇలా చేసిన చైన్‌ను వేలితో ముట్టుకుంటే చాలా కొద్దిగా మాత్రమే మరక అంటుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు ఊరికే గుడ్డతో తుడుస్తూ ఉంటే, ఇంత పెద్ద కడుగుడు తరచుగా పెట్టుకోవలసిన పని ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడికి వెళ్ళే సైకిల్‌కు గేర్లు లేవు, చైన్ చుట్టూ నిండు కవరు ఉంది. దారిలో గ్రానైట్ కోసే యూనిట్లు ఉండటంతో తెల్లటి పొడి సైకిల్ అంతా పడుతోంది. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేస్తున్నాను. అది మంచిదేనా? శుభ్రం చేయడం కష్టంగా ఉంది కనుక కవరు తీసేయించమంటారా? (ఒక గృహిణి, చిత్తూరు)

జవాబు: అమ్మా, కవరు మాత్రం తీసేయించకండి. చున్నీ, పావడా అంచు చైన్‌లో చిక్కుకొని అమ్మాయి పడిపోకుండా కాపాడేది ఆ కవరే. పైగా మీ దారిలోని పొడిని చైన్ మీద పడకుండా ఆపుతున్నది కూడా అదే. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. అది ఉక్కును గీయగలిగేంత గట్టిది. ఆ పొడి నూనెతో కలిసి పిన్నుల దగ్గరికి చేరితే అచ్చం సానపెట్టే ముద్దలాగా పనిచేసి, పిన్నులను అరగదీస్తుంది.

కొబ్బరినూనె అత్యవసరానికి పరవాలేదు; పొడి చైన్ మీద తొక్కడం కంటే అది మేలే. అయితే వంటనూనెలు ఏవైనా గాలికీ వేడికీ క్రమంగా చిక్కబడి జిగటగా మారతాయి. కొబ్బరినూనె ఈ విషయంలో పొద్దుతిరుగుడు నూనె కంటే నిదానమే కానీ, సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకుంటుంది. డిసెంబరు ఉదయాలలో సీసాలో గడ్డకట్టిన నూనెను మీరు చూసే ఉంటారు. చైన్ లోపలా జరిగేది అదే. సైకిల్ దుకాణంలో చైన్ నూనె చిన్న సీసా ఒకటి తెచ్చుకోండి. అది లేనప్పుడు కుట్టుమిషన్ నూనె వాడవచ్చు, కానీ పలుచన కాబట్టి తరచుగా వేయవలసి వస్తుంది.

నిండు కవరుకు సాధారణంగా వెనుకవైపు విప్పగల ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని తీసి, పెడల్ తిప్పుతూ, అక్కడ కనిపించే చైన్‌ను గుడ్డతో తుడిచి, రోలరుకో చుక్క వేస్తే సరి. ఏడాదికి ఒకసారి, బడి సెలవులలో, కవరు పూర్తిగా విప్పించి లోపల పేరుకున్న మడ్డిని తీయించండి. అప్పుడే చైన్ బిగువు కూడా చూడమనండి. మధ్యలో వేలితో నొక్కితే పైకీ కిందికీ కలిపి సుమారు అర అంగుళం ఆడాలి. అంతకంటే బాగా వదులుగా ఉంటే చైన్ జారి పడుతుంది, మరీ బిగువుగా ఉంటే బేరింగులు అరుగుతాయి.

ప్రశ్న: చాలా ఏళ్ళుగా సైకిల్ మీదే పాలు పోస్తున్నాను. చైన్‌కు మోటారుసైకిల్ మెకానిక్ దగ్గర తెచ్చుకున్న పాత ఇంజన్ ఆయిల్ వేస్తాను. ఈ మధ్య చైన్ జారుతోందని కొత్తది వేయిస్తే, అది మునుపటి కంటే ఎక్కువ జారుతోంది. చైన్ నాసిరకమా? (ఒక పాల వ్యాపారి, చంద్రగిరి)

జవాబు: చైన్‌ను తప్పుపట్టడానికి ముందు మీ ఫ్రీవీల్ (వెనుక చక్రానికి ఉండే పళ్ళచక్రం) పళ్ళను ఒకసారి చూడండి. పళ్ళు రెండు వైపులా సమంగా లేకుండా ఒక పక్కకు కొక్కెంలాగా వంగి ఉంటే, తప్పు అక్కడ ఉంది. చైన్‌లో ఒక పిన్ను నడుమ నుంచి తరువాతి పిన్ను నడుమకు సరిగ్గా అర అంగుళం ఉంటుంది. లోపలి పిన్నులు అరిగేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది, చైన్ సాగినట్టు కనిపిస్తుంది. సాగిన చైన్ పళ్ళ మీద పైపైకి ఎక్కి నడుస్తూ, పళ్ళను కూడా తన కొలతకు అరగదీసుకుంటుంది. అలా అరిగిన పళ్ళ మీద సరైన కొలత ఉన్న కొత్త చైన్ కూర్చోదు. బలంగా తొక్కగానే జారుతుంది. కాబట్టి ఫ్రీవీల్ కూడా మార్పించక తప్పదు. ముందువైపు పెద్ద చక్రం నిదానంగా అరుగుతుంది కాబట్టి అది బహుశా ఇంకా పనికివస్తుంది; చూసి నిర్ణయించుకోండి. పాల క్యాన్ల బరువుతో తొక్కేటప్పుడు చైన్ జారితే మోకాలు విసురుగా హ్యాండిల్‌కు తగులుతుంది, బండి అదుపు తప్పుతుంది కనుక ఈ పని వాయిదా వేయవద్దు.

ఇకముందు ఇంత దూరం రాకుండా ఉండాలంటే నెలకు ఒకసారి స్టీలు స్కేలుతో కొలవండి. స్కేలు సున్నాను ఒక పిన్ను నడుమన పెట్టి, దానిని వదిలి 24వ పిన్ను నడుమ ఎక్కడ ఉందో చూడాలి. కొత్త చైన్‌లో అది సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. గేర్లు లేని మీ సైకిల్‌కు అది 12 అంగుళాల మీద అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు మూడు మిల్లీమీటర్లు, పెరిగేసరికి చైన్ మార్చాలి. గేర్ల సైకిళ్ళ వారు అందులో సగం పెరిగినప్పుడే మార్చుకుంటే పళ్ళచక్రాలు నిలుస్తాయి. చైన్ ధర తక్కువ, మిగిలినవన్నీ మార్చడం ఖరీదు.

పాత ఇంజన్ ఆయిల్ వాడకం దయచేసి మానేయండి. అది ఇంజన్‌లో అరిగిన లోహపు రజనునూ మసినీ మోసుకొచ్చిన నూనె. చైన్‌కు అది మేలు చేయదు. అంతకంటే ముఖ్యమైనది మీ ఆరోగ్యం. వాడిన ఇంజన్ ఆయిల్‌లో క్యాన్సర్ కలిగించగల పదార్థాలు ఉంటాయి, అవి ఏళ్ళ తరబడి చర్మానికి తగలడం ప్రమాదం. అదే చేతులతో మీరు పాలు కొలుస్తారు కూడా. కొత్త నూనె చిన్న సీసా నెలల తరబడి వస్తుంది.

ప్రశ్న: వానల తరువాత బురద పోవడానికి సైకిల్‌ను వాటర్ సర్వీసింగ్‌లో కొట్టించవచ్చునా? (ఒక పాఠకురాలు, రేణిగుంట)

జవాబు: వద్దు. ఆ ధార బేరింగుల సీళ్ళను దాటి లోపలికి నీరూ ఇసుకా పంపిస్తుంది. చెంబుతో మామూలు నీళ్ళు పోసి, బురద నానిన తరువాత గుడ్డతో తుడవండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి కాబట్టి, ఆ నెలల్లో తడిసిన రోజునే చైన్ తుడిచి నూనె వేయడం అలవాటు చేసుకోవాలి. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినట్లు ఎప్పుడైనా సైకిల్ వరదనీటిలో ఉండిపోతే, చైన్‌ను కడగడంతో సరిపెట్టకండి. ఒక్కొక్క ముక్కను వంచి చూడండి. బిగుసుకుపోయి వంగనివి ఎక్కువగా ఉంటే ఆ చైన్ మీద కాలం ఖర్చు చేయక కొత్తది వేయించండి. హబ్‌లనూ పెడల్ ఇరుసునూ విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి.

ప్రశ్న: చైన్ కడగగా మిగిలిన నల్లటి కిరసనాయిలును ఏం చేయాలి? కాలువలో పోయడానికి మనసు ఒప్పడం లేదు. (ఒక ఉపాధ్యాయుడు, తిరుచానూరు)

జవాబు: పోయకండి. మన వీధి కాలువలలోని నీరు చెరువులకో స్వర్ణముఖికో చేరుతుంది. మురికి నూనెను మూత ఉన్న డబ్బాలో రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నూనెను వంచి తరువాతి కడుగుడుకు మొదటి విడతగా వాడవచ్చు. ఇలా ఒకే నూనె చాలాసార్లు వస్తుంది. అడుగున మిగిలిన మడ్డిని రంపపు పొట్టులో కలిపి, నీడలో, గాలి తగిలే చోట ఆరనిచ్చి, కవరులో కట్టి, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా విడిగా ఇవ్వండి. ఇళ్ళలోని ప్రమాదకర చెత్తను వేరుగా ఇవ్వాలని ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా చెబుతున్నాయి. ఆ నూనెను దాచే డబ్బా విషయంలో ఒక మాట. తాగునీటి సీసాలోగాని, శీతల పానీయాల సీసాలోగాని ఎన్నడూ పోయకండి. నీళ్ళనుకొని పిల్లలు తాగితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం మీదికి తెస్తుంది. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రేకు డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లల చేతికి అందనంత ఎత్తులో, వంటగదికి దూరంగా పెట్టండి.