జేబుల నిండా రాళ్లేనా? మా ఇంట్లోనూ అంతే

మీ అయిదేళ్ల బాబు రోజూ జేబుల నిండా రాళ్లు తెస్తున్నాడని, పారేస్తే ఏడుస్తున్నాడని రాశారు. చెప్పకుండా మాత్రం పారేయకండి. నేను ఆ తప్పు చేసినవాణ్ణే. మా అమ్మాయికీ అప్పుడు అయిదేళ్లే. బాల్కనీలోని కుప్పలోంచి ఓ నాలుగు తీసి, తనకేం తెలుస్తుందిలే అని పూలకుండీలో పడేశాను. సాయంత్రానికల్లా "నాన్నా, నా నామాల రాయి ఏది?" అని నిలదీసింది. నల్లరాయి మీద తెల్ల చార ఉంటే అది నామాల రాయట. మన కంటికి అంతా కంకరే.

ఇల్లు క్వారీ కాకుండా మమ్మల్ని కాపాడింది కోడిగుడ్ల అట్ట. 30 గుంటలు, గుంటకో రాయి. నిండాక కొత్తది కావాలంటే పాతది ఒకటి దొరికిన చోటికే వెళ్లాలి. ఏది వెళ్లాలో తనే తేలుస్తుంది. ఒక్కోసారి దానికే అరగంట పడుతుంది.

తర్వాత ఆ పిచ్చి నాకూ అంటుకుంది. మాది హైదరాబాద్, రాళ్లకేం కరువు! గ్రానైటు ముక్కను కడిగి, ఎండలో భూతద్దం కింద చూపించండి. గులాబీ రంగులో కనిపించేది ఫెల్డ్‌స్పార్, గాజుముక్కలా ఉండేది పలుగురాయి, నల్లగా తళుక్కుమనేది అభ్రకం. ఇక్కడి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని చెబితే, "తాతయ్య కంటే పెద్దదా?" అంది.

కరెంటు పోయిన రాత్రి రెండు పలుగురాళ్లను గట్టిగా రుద్ది చూపించండి. లోపల మసకగా వెలుగుతుంది, కాలిన వాసన కూడా వస్తుంది. కొట్టనివ్వకండి, పెచ్చులు కళ్లలో పడతాయి. నాపరాయిని మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నటి బుడగలు వస్తాయి. అది సున్నపురాయి కదా! ఇది మాత్రం ఆరుబయటే. మా అమ్మాయి అమ్మమ్మగారి వంటింట్లో నున్నటి నాపరాళ్ల మీదే పరీక్ష పెట్టింది. ఆ మచ్చను మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటారు.

ఇంట్లో పాకే పిల్లలుంటే అట్ట ఎత్తులో పెట్టండి, గులకరాయి గొంతుకు అడ్డం పడుతుంది. ఉతికే ముందు జేబులు తడమడం మరిచిపోకండి. ఒకసారి మా వాషింగ్ మెషీన్ నీళ్లు వదలకుండా మొరాయించింది. మెకానిక్ పంపు విప్పి, గోళీ అంత రాయి తీసి నా చేతిలో పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి "అమ్మయ్య, నా బఠాణీ రాయి దొరికింది!" అని లాక్కుని పరుగెత్తింది.