విజయవాడ నుంచి రెండు రోజుల సైకిల్ యాత్ర: ఎడమ కట్ట మీద దిగి, కుడి కట్ట మీద రండి

ప్రశ్న: "బెజవాడలో ఉంటాను, వయసు 44. రోజూ పొద్దున పాతిక కిలోమీటర్లు తొక్కుతాను. శని, ఆదివారాలు పొలాల మధ్య నుంచి, కృష్ణ ఒడ్డున పాత ఊళ్లు చూస్తూ తిరిగి రావాలనుంది. అందరూ అమరావతి అంటున్నారు. మీరెటు వెళ్లమంటారు? నా మామూలు సైకిల్ సరిపోతుందా, గేర్లది కొనాలా?"

అమరావతి వద్దండీ, కనీసం మొదటిసారికి. ఊరు మంచిదే, కానీ మీరడిగింది అది కాదు. ఒక్క పూటలో వెళ్లి వచ్చేయొచ్చు, పైగా రాజధాని పనుల టిప్పర్ల దుమ్ము తినాలి. అంతా అయ్యాక అక్కడి బౌద్ధ స్తూపం, మహాచైత్యం దగ్గర నిలబడితే, అక్కడి గొప్ప శిల్పాలు చాలావరకు లండన్‌లోనూ చెన్నైలోనూ ఉన్నాయని గుర్తొస్తుంది. మీకు కావాల్సింది పొలాలు కాబట్టి ఏటి వెంట దిగువకి వెళ్లండి.

నేను రెండుసార్లు తిరిగిన దారి ఇది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలుపెట్టి, యనమలకుదురులో ఎడమ కరకట్ట ఎక్కి, తోట్లవల్లూరు మీదుగా శ్రీకాకుళం. కట్ట దిగి కాస్త లోపలికి వెళ్తే ఘంటసాల. అక్కణ్నుంచి మోపిదేవి, అవనిగడ్డ. రాత్రి అక్కడే పడక. రెండో రోజు పులిగడ్డ–పెనుమూడి వారధి మీద ఏరు దాటి రేపల్లె, భట్టిప్రోలు, వెల్లటూరు, కొల్లూరు. ఆ తర్వాత కుడి కట్ట పట్టుకుని మున్నంగి, వల్లభాపురం, చిర్రావూరు, సీతానగరం, మళ్లీ బ్యారేజీ. దారి తప్పి తిరిగినవి కూడా కలిపి నా మీటరు 168 చూపించింది. బందరు హైవే జోలికి మాత్రం పోవద్దు. దూరం తగ్గుతుందేమోగానీ, వెనక నుంచి బస్సు హారన్ కొట్టిన ప్రతిసారీ ప్రాణం పోయి వస్తుంది.

గేర్ల సంగతి: నాది ఏడు గేర్ల హైబ్రిడ్. రెండు రోజుల్లో రెండు గేర్లు దాటలేదు. ఈ దారిలో ఎత్తు ఎక్కడమంటే కట్ట మీదికి ఎక్కే ర్యాంపులు, వారధి మొదట్లో కాస్త ఏటవాలు, అంతే. మీ సైకిల్ చాలు, కొత్తది కొనొద్దు. జాగ్రత్త పడాల్సింది గాలితోనే. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, అవనిగడ్డకి వెళ్లేవాడికి సరిగ్గా మొహాన కొడుతుంది. మొదటిసారి ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు తీరిగ్గా పెసరట్టు తిని తొమ్మిదింటికి బయల్దేరాను. చివరి ఇరవై కిలోమీటర్లకి రెండున్నర గంటలు పట్టింది. రెండోసారి ఐదున్నరకే రోడ్డెక్కాను. వచ్చేటప్పుడు మధ్యాహ్నం అదే గాలి వీపున చెయ్యి పెట్టి తోస్తుంది, ఆ సుఖం వేరు.

ఇంకొక్కటి ముందే చెప్తాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. కట్ట మీద వెళ్తే నది పక్కనే కనపడుతుందనుకుంటాం. చాలాచోట్ల కనపడదు. కట్టకీ నీళ్లకీ మధ్య లంక పొలాలు ఉంటాయి: అరటి, కంద, పసుపు. రెండో వైపు కింద వరి మళ్లు. మీరేమో రెండింటికీ పైన, తాటిచెట్ల నడుం ఎత్తున పోతుంటారు. ఆ కట్ట ఎందుకంత ఎత్తు కట్టారో 2024 సెప్టెంబర్‌లో అందరం చూశాం, బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజున.

డిసెంబర్ ఆఖరు వారం అయితే బాగుంటుంది. మంచు ఏడున్నర దాకా విడవదు, వెనక లైటు వెలిగించుకోవాలి. కోతల రోజులు కాబట్టి ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, పట్టా అంచులకి బండరాళ్లు పెట్టి ఉంటారు. పొద్దున మసకలో ఆ రాళ్లు కనపడవు, నేనొకటి ఎక్కించాను కూడా. ధాన్యం మీద నుంచి మాత్రం తొక్కకండి, దిగి నడిపించుకెళ్లండి. వాళ్ల ఏడాది కష్టం అది.

ఆ రోజుల్లోనే ఇంకో వింత చూశాను. శ్రీకాకుళం దాటాక ఒక చేను దగ్గర ఆగాను. కోసిన వరి మొదళ్ల మధ్య నాలుగు వేళ్ల ఎత్తున పచ్చటి మొక్కలు, చాళ్లు లేవు, దున్నిన గుర్తూ లేదు. గట్టు మీద కూర్చున్న పెద్దాయన్ని "బాబాయ్, ఇది ఎప్పుడు దున్ని వేశారు?" అని అడిగాను. ఆయన నవ్వాడు. "దున్నేదేంటి బాబూ! కోతకి నాలుగు రోజుల ముందు, నిలబడున్న వరిలోనే మినుము చల్లేస్తాం. ఆ తేమకే మొలుస్తది, మంచుకే పెరుగుద్ది. నీళ్లు కూడా పెట్టం." పక్క చేను చూపించాడు. అందులో పొడుగునా రెండు బోడి చారలు. "వాడు కోత మిషను దింపాడు. చక్రం తిరిగిన చోట మొలక నలిగిపోయింది, చూడు." నేను పుట్టింది కృష్ణలంకలో, రోజూ తినే ఇడ్లీలో ఉన్నది ఆ మినపపప్పే. ఈ సంగతి అప్పటిదాకా తెలీదు.

శ్రీకాకుళం పేరు చూసి ఉత్తరాంధ్ర అనుకోకండి. ఇది కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. తెలుగులో కావ్యం రాయమని కృష్ణదేవరాయలకి కలలో చెప్పిన ఆంధ్రమహావిష్ణువు ఇక్కడి దేవుడే. పదకొండు లోపు చేరుకోండి, మధ్యాహ్నం తలుపులు మూస్తారు. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, చిన్న మ్యూజియం ఉన్నాయి. రెండో శతాబ్దంలో భూగోళం గురించి రాసిన గ్రీకు పండితుడు టాలెమీ కాలానికే ఇది పేరున్న వ్యాపార కేంద్రం. ఇప్పుడు అక్కడ నిలబడి చూస్తే ఓడలూ లేవు, సముద్రమూ లేదు, చుట్టూ చేలే. కూచిపూడి, మొవ్వ అక్కడికి దగ్గరే గానీ ఈసారికి వదిలేయండి, కాళ్లు మిగుల్చుకోవాలి.

అవనిగడ్డలో మామూలు లాడ్జీలు దొరుకుతాయి. సైకిల్ గదిలో పెట్టుకోనిస్తారా అని ముందే అడగండి. టీ బంకు దగ్గర ఒక పెద్దమనిషిని వయసెంత అని అడిగితే అంకె చెప్పలేదు, "ఉప్పెన నాటికి నాకు పెళ్లయింది" అన్నాడు. 1977 నవంబర్ 19 అన్నమాట. దివిసీమలో ఆ తరం వాళ్లకి కాలం లెక్క అదే.

రెండో రోజు వారధి మీద ఎండెక్కక ముందే వెళ్లండి. నది నిండుగా కనపడే చోటు అదొక్కటే, దాని కోసమైనా ఈ చుట్టు తిరగొచ్చు. వారధి రాకముందు ఇటు వాళ్లు అటు వెళ్లాలంటే పడవే గతి.

భట్టిప్రోలు స్తూపం చూడ్డానికి ఇటుక దిబ్బే. అక్కడ 1892లో పురావస్తు శాఖ అలెగ్జాండర్ రే తవ్వితే ధాతువుల (పూజించే అస్థికల) పేటికలు దొరికాయి, వాటి మీది అక్షరాలు మన లిపి పుట్టుక గురించి మాట్లాడే ప్రతివాళ్ల నోటా వస్తాయి. నాకు మాత్రం గుర్తుండిపోయింది వేరే సంగతి. రే వచ్చేసరికే పైనున్న ఇటుకలు రోడ్డుకి పోయాయి, పాలరాళ్లు వెల్లటూరు కాలవ తూముకి పోయాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ సీమంతా కాలవలు, లాకులు, తూములే కదా, దగ్గర్లో దొరికిన రాయి వాడేశారు. తర్వాత ఏ కాలవ గట్టు మీద ఆగినా తూము రాళ్ల వంక వంగి చూడ్డం నాకు అలవాటైపోయింది.

వెల్లటూరు దాటాక పంక్చర్. పల్లేరు కాయ. కట్ట అంచున గడ్డిలో సైకిల్ పడుకోబెట్టి కొబ్బరి బోండాం తాగిన ఫలితం. నా దగ్గరున్న పంపు వాషర్ పోయింది. షాపతను ట్యూబు తీసి నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు చూశాడు, అతుకు వేశాడు. గాలి కొడదామంటే నాది సన్న వాల్వు, అతని కంప్రెసర్ మూతి పట్టదు. ఆ వాల్వును రెండు వేళ్లతో తిప్పి చూసి, "ఇదేంటండీ, పెన్ను రీఫిల్లులా ఉంది" అన్నాడు. చివరికి గుండ్రటి ఆకురాయి తీసుకుని, రిమ్ము బెజ్జం అరిగించి పెద్దది చేసి, మామూలు 28 ట్యూబు మడత పడకుండా సర్ది ఎక్కించాడు. నలభై నిమిషాల పని, నూట ఎనభై తీసుకున్నాడు. కాబట్టి మీరు కొత్త ట్యూబులు కొనేటప్పుడు లావు వాల్వువి అడగండి. లేకపోతే గోళీ అంత ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి, అరవై రూపాయలు కూడా ఉండదు.

కొల్లూరులో ఎవరైనా కోహినూరు ఇక్కడిదే అంటే నమ్మకండి. వజ్రాల కొల్లూరు వేరు, అది ఎగువన పల్నాడు వైపు, ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది. ఇక్కడ ఉండేవి ఇటుక బట్టీలు, వాటి లారీలు. ఆ నాలుగైదు కిలోమీటర్లు పక్కకి తొక్కండి. వచ్చే దారిలో ఇసుక ట్రాక్టర్లు కూడా తగులుతాయి, చీకటి పడితే కట్ట మీద దీపాలుండవు. ఐదింటికల్లా సీతానగరం దాటేలా చూసుకోండి.

ఘంటసాల మ్యూజియానికి శుక్రవారం సెలవు, మొదటిసారి తాళం చూసి వచ్చాను. మీరు శనివారం బయల్దేరుతున్నారు కాబట్టి ఇబ్బంది లేదు.